ముప్ఫై వంటిళ్ల పరీక్ష

రబ్బరు ఫ్యాక్టరీ, వెనక గది
జనవరి 12

వదినా,

పార్శిల్ విప్పి కేక పెట్టకు. చుట్ట చుట్టుకుని ఉన్నది పాము పిల్ల కాదు, కుక్కర్ రబ్బరు. నేను చేసింది.

ఈ సంగతి ఫోన్లో చెబితే నువ్వు కూర కలుపుతూ "ఊ" అంటావు, నేను మర్చిపోతాను. అందుకే ఉత్తరం. మా యజమానిని ఇక్కడ అందరూ పెద్దాయన అంటారు. మూడేళ్ల కిందట ఆయన ఈ వెనక గోదాము ఖాళీ చేయించి, ఒక బల్ల, ఒక ఓవెన్, ఒక ఆవిరి యంత్రం పెట్టించి, "అమ్మా, మనదంటూ ఒక రబ్బరు కనిపెట్టు" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. ఏటా లాభంలో నూటికి ఎనిమిది ఈ గదికే ఇస్తున్నాడు. నేను కలపడం, కాల్చడం, పారేయడం. పారేసిన బుట్టలు లెక్కపెట్టింది మా లెక్కలాయన ఒక్కడే. కంపెనీ ఖాతాలు ఆయన చేతిలో ఉంటాయి. మొన్న గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, మూడేళ్ల నుంచి పొయ్యి మీద ఉంది, ఇంకా ఉడకలేదా?" అన్నాడు.

ఆయన మాట నెగ్గింది. సెప్టెంబరు ఆఖరు లోపు అమ్మదగ్గ వస్తువు రాకపోతే ఈ గది మళ్లీ గోదామే. నన్ను ముందు షెడ్డులో రంగులు సరిచూసే పనిలో వేస్తారు.

ఈ రబ్బరు మా యంత్రంలో ఐదు వందల గంటలు ఆవిరికి తట్టుకుంది. కానీ యంత్రం వంట చేయదు కదా. మామూలు రబ్బరు నాలుగైదు నెలల్లో ఆవిరి వదిలేస్తుందని నువ్వే అనేదానివి. దీన్ని నీ కుక్కర్‌కు వేసి, ఎన్నాళ్లు నిలుస్తుందో రాసి పంపుతావా? అడగడానికి నాకు ఇంకెవరున్నారు చెప్పు.

నీ పిడుగు

*

మన వంటిల్లు, కిటికీ పక్క బల్ల
జనవరి 21

పిడుగూ,

ఇక్కడ అందరం క్షేమం, మీ అన్నయ్య నడుము తప్ప. అది ఎప్పుడూ ఉన్నదే.

నీ రబ్బరు కుక్కర్‌కు వేశాను. సరిగ్గా కూర్చుంది. అయితే ఒక మాట. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. ఆ సామెత అన్నం వరకే. నా ఒక్క వంటింట్లో నిలిచిందని మీ పెద్దాయన నమ్ముతాడా? నేనే నమ్మను. అందుకని మన భవనంలో తలుపులు తట్టాను. ఇంకో ఇరవై తొమ్మిది ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారు. ఇరవై తొమ్మిది రబ్బర్లు పంపు.

తలా ఒక కాగితం గీసి ఇచ్చాను. తారీఖు, ఎన్నిసార్లు పొయ్యి ఎక్కింది, ఏం ఉడికింది, ఆవిరి పోయిందా లేదా. రెండో అంతస్తు దర్జీ పిన్ని, "కొలతలు తీసేదాన్ని నేనైతే నాకే కాగితాలిస్తావేంటి!" అని నవ్వింది. టీచరమ్మ అయితే "మార్కులు కూడా వేయమంటారా?" అంది. ఎదురింటి నర్సమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "మీ ఆడపడుచు ఉద్యోగం దీని మీదే ఉందటగా, బాగా చూసుకుంటాలెండి" అంది. ఎంత మంచివాళ్లు! గట్టిగా మాట్లాడటం తప్ప ఎరగని ఈ మెట్ల మీద ఇంత ప్రేమ ఉందని నాకిన్నాళ్లూ తెలియలేదు.

నీ గది సంగతి చదివాక నా పద్దుల పుస్తకం తీశాను. అందులో పెళ్లయిన ఏడాది నుంచి "ప్రయత్నాలు" అని ఒక పద్దు ఉంది. ప్రతి నెలా కొంచెం పక్కన పెడతాను. పోయినా ఏడవకూడని డబ్బు అది. కుట్టు మిషన్ ఆ పద్దులోదే, నిలిచింది. ఇంట్లో పుట్టగొడుగులు పెంచుదామన్నదీ ఆ పద్దులోదే, మీ అన్నయ్యకు తుమ్ములు మిగిలాయి. ఏది నిలుస్తుందో ముందే తెలిస్తే దాన్ని ఖర్చుల కింద రాసుకునేదాన్ని. మీ లెక్కలాయనకు ఈ పద్దు ఒకటి ఉంటుందని ఎవరూ చెప్పినట్టు లేదు.

వదిన

*

వెనక గది
మార్చి 15

వదినా,

నీ మొదటి నెలన్నర కాగితాలు అందాయి. ముప్ఫై ఇళ్లు, ముప్ఫై చేతిరాతలు, ఒక్క కొట్టివేత లేదు! మా దగ్గర చదువుకున్నవాళ్లు కూడా ఇంత శుభ్రంగా రాయరు. వాటిని గోడకు వరసగా అంటించాను. పెద్దాయన వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్లి ఫొటోలు చూసినట్టు ఒక్కొక్కటే చూశాడు.

అన్నయ్య ఫోన్ చేసి ఒక రహస్యం చెప్పాడు. నా కాలేజీ ఫీజులు కూడా నువ్వు "ప్రయత్నాలు" కిందే రాశావట? నేను పుట్టగొడుగుల సరసన ఉన్నానా?

ఇక్కడి కబురు ఒకటి. పరిశోధనలకు డబ్బిచ్చే ప్రభుత్వ శాఖ నుంచి ఒక అధికారిణి వచ్చింది. మేం రబ్బరులో కలిపే పొడి పరదేశం నుంచి కొంటాం కదా. అందులో ఏముందో వాళ్లు చెప్పరు. ధర పెంచితే నోరు మూసుకుని కట్టడమే. ఆవిడ అంది: "కొన్న పొడితో బతికే ఫ్యాక్టరీ అద్దె ఇంట్లో ఉన్నట్టు. అలాంటి ఫ్యాక్టరీలే ఉన్న దేశం కూడా అంతే." మీరు సొంతంగా ఎంత పెడితే మేమూ అంత పెడతాం, కానీ ముందు చెయ్యి మీది పడాలి అంది. ఒకరి ఫ్యాక్టరీకి ప్రభుత్వం డబ్బెందుకని లెక్కలాయన అడిగాడు. "ఇక్కడ నేర్చుకున్నది ఈ గోడల మధ్య ఆగదండీ. మీ పనివాడు రేపు ఇంకో చోట చేరతాడు, ఎల్లుండి సొంత షెడ్డు వేసుకుంటాడు. ఖర్చు మీది, లాభం ఊరందరిదీ. అందుకే ఊరూ సగం మోయాలి" అంది. లెక్కలాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. అది ఆయన ఓడిపోయినప్పుడు చేసే పని.

అయినా సెప్టెంబరు సెప్టెంబరే.

పిడుగు

*

కిటికీ పక్క బల్ల
జూన్ 8

పిడుగూ,

అవును, నువ్వు ప్రయత్నమే. ఫలితం ఇంకా పూర్తిగా రాలేదు కాబట్టి ఆ పేజీ మూయలేదు. పుట్టగొడుగుల పేజీ ఎప్పుడో మూసేశాను, అది గుర్తుంచుకో.

ఆ అధికారిణి మాట మీ అన్నయ్యకు చదివి వినిపించాను. "నిజమే, అద్దె ఇంటి గోడకు మేకు కొట్టాలన్నా ఇంటాయన్ని అడగాలి" అన్నారు. కొత్త ఇల్లు కట్టేటప్పుడు రెండేళ్లు పస్తున్నట్టే ఉంటుంది, ఆ రెండేళ్లూ అద్దెవాళ్లే తెలివైనవాళ్లలా కనిపిస్తారు అని నేనన్నాను. మేం ఇద్దరం ఒకే మాట మీద ఉండటం చాలా రోజులకు జరిగింది. దానికీ నీకే థాంక్స్.

ఇక అసలు సంగతి. ఐదో నెల కాగితాలు పంపుతున్నాను. ముప్ఫై ఇళ్లలో ఒక్క ఇంట్లోనూ ఆవిరి పోలేదు! ఒక్కటంటే ఒక్కటి! మామూలు రబ్బరైతే ఈపాటికి సగం ఇళ్లవాళ్లు కొట్టుకు పరిగెత్తేవాళ్లు. కాగితాలు పోగుచేస్తుంటే పండు ఎవరింటి చెట్టుకు కాసినా తీపే అన్నట్టు అందరి ముఖాల్లో సంతోషం. నర్సమ్మ, "చెప్పాను కదండీ, బాగా చూసుకుంటామని!" అంది.

వదిన

*

వెనక గది
జూలై 14

వదినా, వదినా, వదినా!

గెలిచాం. పెద్దాయన నీ కాగితాలు చదివి, బల్ల మీద అరచెయ్యి వేసి, "లక్ష వేయండి" అన్నాడు. లక్ష రబ్బర్లు! అచ్చులు సిద్ధమవుతున్నాయి. ఆగస్టు ఒకటిన పెద్ద యంత్రం మొదలవుతుంది. గది ఉంటుంది. లెక్కలాయన స్వయంగా టీ కప్పు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఉడికింది కదమ్మా" అన్నాడు. నేను నవ్వాను, తర్వాత ఓవెన్ వెనక్కి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

ఇది నాది కాదు వదినా. నీది, మీ మెట్ల మీది ఆడవాళ్లందరిదీ. ఒక్కొక్కరికీ నా తరఫున చేతులెత్తి దండం పెట్టు. డబ్బా మీద "ముప్ఫై వంటిళ్లలో పరీక్షించినది" అని ముద్ర వేయిద్దామని పెద్దాయన అంటున్నాడు.

పిడుగు

*

కిటికీ పక్క బల్ల
జూలై 20

పిడుగూ,

నీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. యంత్రం సరిగ్గా ఒకటో తేదీనే మొదలవుతుందా, ఇంకా ముందా? ఊరికే అడిగాను. వానలు బాగా పడుతున్నాయి. మళ్లీ రాస్తాను.

వదిన

*

కిటికీ పక్క బల్ల
జూలై 24

పిడుగూ,

ఈ ఉత్తరం చదివే ముందు కూర్చో. దీన్ని మీ అన్నయ్య చేతికిచ్చి బస్సెక్కిస్తున్నాను. తపాలాను నమ్మలేదు.

నీ ఉత్తరం పట్టుకుని దండాలు పంచిపెడదామని బయలుదేరాను. మొదట టీచరమ్మ ఇల్లు. తలుపు తీసే ఉంది. లోపల కుక్కర్ బుస్సుమంటోంది. విజిల్ కాదు, మూత పక్క నుంచి పోయే ఆవిరి. ఆ చప్పుడు నాకు తెలియనిది కాదు. టీచరమ్మ నన్ను చూసి గబగబా పొయ్యి ఆపేసింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"ఏదీ? ఇదా? ఇవాళే కాస్త..."

"టీచరమ్మా."

"ఏప్రిల్ నుంచండీ" అంది తల దించుకుని. "చన్నీళ్లలో కాసేపు వేస్తే మళ్లీ బిగుస్తోంది కదా, సరిపెట్టుకుంటున్నా. పాపం ఆ అమ్మాయి ఉద్యోగం. నా ఒక్కదాని కాగితం వల్ల పోతే ఆ ఉసురు నాకెందుకని..."

ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగాను. నర్సమ్మ రబ్బరు కింద దారం చుట్టింది. దర్జీ పిన్ని దాన్ని సాగదీసి వేస్తోంది. "అంత దూరం నుంచి మన పిల్ల పంపింది, దాని ముఖం మీద బాలేదని ఎలా రాయను?" అని నన్నే అడిగింది. ఇరవై తొమ్మిదిలో పద్దెనిమిది ఇళ్లలో ఆవిరి పోయింది. అందరూ కూడబలుక్కున్నది కాదు. ఎవరికి వాళ్లు, నీ మీద జాలితో, నా మీద ప్రేమతో అబద్ధం రాశారు.

కోపంతో ఇంటికొచ్చి వాళ్లను తిట్టుకుంటూ నా కుక్కర్ కడుగుతున్నాను. చేతిలో రబ్బరు, పక్కన చన్నీళ్ల గిన్నె. అప్పుడు తెలిసింది. మే నెల నుంచి నేనూ రోజూ ఇలాగే చన్నీళ్లలో వేస్తున్నాను. అరిగిన వస్తువును సర్దుకుని వాడటం ముప్ఫై ఏళ్ల అలవాటు. ఆవిరి పోయిందని రాయాలని తోచనే లేదు, ఎందుకంటే నా లెక్కలో అది పోయినట్టే కాదు, సర్దుకున్నాను కదా! పిడుగూ, ముప్ఫై కాగితాల్లో అన్నిటికంటే పెద్ద అబద్ధం నాది.

నాలుగు రోజులు దాచాను. నీ గది పోతుందని భయం. చెప్పకపోతే గది ఉంటుంది, లక్ష ఇళ్లలో మూతలు కారతాయి, డబ్బా మీద మన ముప్ఫై ఇళ్ల పేరుంటుంది. ఆ మాట తలచుకుంటే ముద్ద దిగలేదు. నువ్వు నన్ను నమ్మి అడిగావు. నా పని నీకు మంచిమాట చెప్పడం కాదు, ఉన్నమాట చెప్పడం.

దీంతో పాటు కొత్త కాగితాలు పెడుతున్నాను. మళ్లీ అందరినీ కూర్చోబెట్టి రాయించినవి. "బాగుంది అని రాస్తే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టే" అని చెప్పాను. ఒకటి గమనించు. ఆవిరి పోని పదకొండు ఇళ్లలో తొమ్మిదింట్లో వంట కాగానే మూత తీసి, రబ్బరు కడిగి మేకుకు తగిలిస్తారు. మన ఇంటితో కలిపి పోయిన పంతొమ్మిదింట్లో ఒకటి తప్ప అందరూ పొద్దున్నే వండి, మూత బిగించే వదిలేసి పనులకు పోయేవాళ్లు. మధ్యాహ్నం దాకా అది అలాగే చల్లారుతుంది. నేను కూడా మీ అన్నయ్య వచ్చేదాకా మూత తీయను. ఇందులో ఏమైనా ఉందేమో నువ్వే చూడాలి.

క్షమించు అని రాయాలంటే చెయ్యి రావడం లేదు, ఆ మాట చాలా చిన్నది.

వదిన

*

వెనక గది
ఆగస్టు 19

వదినా,

వెంటనే రాయలేదు. మొదటి రెండు రోజులు నీ మీద కోపం వచ్చింది, దాచడమెందుకు. తర్వాత నా మీద వచ్చింది. ముప్ఫైకి ముప్ఫై బాగున్నాయంటే అనుమానించాల్సినదాన్ని నేను. పొగడ్త వినపడగానే పప్పులో కాలేశాను.

అన్నయ్య ఉత్తరం తెచ్చిన రోజే పెద్దాయన గదికి వెళ్లాను. లెక్కలాయన అక్కడే ఉన్నాడు. నీ ఉత్తరం పూర్తిగా చదివి వినిపించాను. పెద్దాయన ఫోన్ తీసి, అచ్చులు ఆపమన్నాడు. తర్వాత లెక్కలాయన వైపు తిరిగి, "లక్ష పోయి, అందులో అరవై వేలు తిరిగొస్తే ఎంతయ్యేది?" అన్నాడు.

లెక్కలాయన కాగితం మీద చాలాసేపు రాశాడు. నేను షెడ్డులో రంగుల డబ్బాలు కూడా ఊహించేసుకున్నాను.

"ఈ గది తొమ్మిదేళ్ల ఖర్చండీ" అన్నాడు. పెన్నుకు మూత పెడుతూ, "కొట్లవాళ్లు మళ్లీ మన సరుకు ముట్టుకోరు, అది ఈ లెక్కలో వేయలేదు" అన్నాడు.

"అయితే ఈ గది మూడేళ్లలో ఏమిచ్చిందని అడుగుతుంటావు కదా?"

"ఇచ్చిందండీ. చేయకూడని పని ఒకటి ఆపింది" అన్నాడు, కళ్లజోడు తుడుచుకోకుండానే. "ఇంకో ఏడాది ఉంచుదాం. కాకపోతే అమ్మాయ్, ఈసారి ఆ ఆడవాళ్లకు నీ ఉద్యోగం సంగతి చెప్పకు."

వదినా, నీ పట్టికలో ఉన్నది ఉత్త మాట కాదు, బంగారం. మా యంత్రం రబ్బరును గంటల తరబడి వేడి చేస్తుంది కానీ, బిగించి చల్లార్చదు. ఎప్పుడూ చల్లార్చలేదు! వేడి మీద నొక్కుకున్న రబ్బరు అలాగే చల్లారితే ఆ నొక్కు అందులో ఉండిపోతుంది, మళ్లీ ఉబ్బదు. ఇప్పుడు మేం కుక్కర్ మూతలే కొనుక్కొచ్చి, వేడిగా బిగించి, ఆరు గంటలు వదిలేసి చూస్తున్నాం. మీ భవనంలో ఐదు నెలలు పట్టింది ఇక్కడ పన్నెండు రోజుల్లో కనబడుతోంది. పొడి పాళ్లు మార్చాలి, అచ్చు నుంచి తీశాక ఓవెన్లో ఇంకా ఎక్కువసేపు కాల్చాలి. దారి దొరికింది.

నువ్వు జూన్ ఉత్తరంలోనే ఉన్నదున్నట్టు రాసి ఉంటే నాకు ఒక చెడ్డ రబ్బరు తెలిసేది. నాలుగు రోజులు నిద్రలేకుండా లెక్కలు తీసి రాశావు కాబట్టి, రబ్బరు ఎందుకు చెడుతుందో తెలిసింది. నీ ఋణం ఎలా తీర్చుకోవాలో తెలియక ఈ ఉత్తరం ఇంత పొడుగైంది.

పిడుగు

*

కిటికీ పక్క బల్ల
మే 3

పిడుగూ,

నీ ఉత్తరాలన్నీ అందాయి. ఇకమీదట మీ పొడి మీరే కలుపుకుంటారని, పరదేశం వాళ్లతో ఒప్పందం తిరగ రాయలేదని, ప్రభుత్వం తన సగం ఇచ్చిందని, గదిలోకి ఇంకో ఇద్దరు వచ్చారని చదివి మీ అన్నయ్య మెట్ల మీద అందరికీ చెప్పేశారు. నేను వద్దన్నా వినలేదు. నీ గురించి చెప్పేటప్పుడు ఆయనకు నడుం నొప్పి గుర్తుండదు.

నాకు ఈ ఏడాది ఏం దక్కిందో చెప్పాలి. వంటింట్లో జరిగేది ఎవరికీ పనికొచ్చే సంగతి కాదనుకునేదాన్ని. ఎప్పుడు మూత తీస్తాను, ఎప్పుడు తీయను అన్నది ఒక ఫ్యాక్టరీకి, ఇంకా మాట్లాడితే ఒక దేశానికి కావలసిన కబురని నువ్వు అడిగితేనే తెలిసింది. అడిగినందుకు నీకు దండం. తప్పు చెప్పినా మళ్లీ అడిగినందుకు ఇంకో దండం.

కొత్త రబ్బర్లకు ఏడు నెలలు నిండాయి. ఈసారి నేను పెట్టిన నియమం ఒకటే: మంచిమాట రాస్తే కాగితం వెనక్కి పంపేస్తాను. ఇక చూడు, ఆడవాళ్ల నోళ్లు తెరుచుకున్నాయి! వాసన వస్తోందని ఒకరు, రంగు బాలేదని ఒకరు, వేసేటప్పుడు గోరు విరిగిందని ఒకరు. టీచరమ్మ ఎర్రసిరాతో రాసింది. నిన్న దర్జీ పిన్ని రెండంతస్తులు ఎక్కి, రొప్పుతూ వచ్చి, గెలిచిన దానిలా రబ్బరు నా ముఖం ముందు ఆడించింది. "నాది కారింది! రాసుకో! నర్సమ్మది కూడా కారింది, ఆవిడ డ్యూటీలో ఉంది, నన్ను చెప్పమంది."

ముప్ఫైలో ఆ రెండే. ఇరవై ఎనిమిది ఇంకా బిగుతుగానే ఉన్నాయి. నేనే ఇంటింటికీ వెళ్లి, మూత దగ్గర చెవి పెట్టి విన్నాను. ఆ కాగితాలు పార్శిల్ అడుగున ఉన్నాయి, తీరిగ్గా చదువుకుని సంతోషించు. చెడిన రెండు రబ్బర్లనూ విడిగా కవర్లో పెట్టి అన్నిటికంటే పైన ఉంచాను.

ముందు అవి చూడు.

వదిన